అమెరికాలో చిన్న వ్యాపారికి ఏది మేలు: షాప్ గ్రూప్ ప్లానా, క్యూసెరానా?

2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం, ఫుల్‌టైమ్ లెక్కన 50 మందికన్నా తక్కువ ఉద్యోగులున్న యజమాని ఆరోగ్య ఇన్సూరెన్స్ ఇవ్వకపోయినా పెనాల్టీ లేదు. ఇవ్వదలిస్తే ఈ రెండూ చూడాలి. షాప్ (SHOP) అంటే చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వ బీమా మార్కెట్‌ప్లేస్‌లో ఉండే గ్రూప్ ప్లాన్. క్యూసెరా (QSEHRA) అంటే ఉద్యోగి సొంతంగా కొన్న ఇన్సూరెన్స్ ఖర్చును యజమాని తిరిగి ఇచ్చే ఏర్పాటు.

షాప్ ప్లాన్‌కు ఆకర్షణ పన్ను క్రెడిట్. ఉద్యోగులు 25 మంది లోపు, సగటు జీతం పరిమితి లోపు ఉండి, ఉద్యోగి ప్రీమియంలో కనీసం సగం యజమాని కడితే, ఆ కట్టినదాంట్లో 50% దాకా వెనక్కి వస్తుంది. అదీ వరుసగా రెండేళ్లే. చాలా రాష్ట్రాల్లో ఉద్యోగుల్లో 70% మంది ప్లాన్‌లో చేరాలన్న షరతు దగ్గరే పని ఆగిపోతుంది. నవంబరు 15 నుంచి డిసెంబరు 15 లోపు దరఖాస్తు చేస్తే ఆ షరతు ఉండదు. ఇది చాలామందికి తెలియదు.

క్యూసెరాలో గ్రూప్ ప్లాన్ ఉండకూడదు. ఉద్యోగి సొంతంగా ప్లాన్ కొని రుజువు చూపిస్తే, ప్రభుత్వం ఏటా ప్రకటించే పరిమితి వరకు యజమాని డబ్బు తిరిగి ఇస్తాడు. ఏడాది మొదలయ్యే 90 రోజుల ముందే ఉద్యోగులకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అసలు ప్రమాదం ఉద్యోగికే: మార్కెట్‌ప్లేస్‌లో కొన్న ప్లాన్ ప్రీమియానికి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీని ఈ మొత్తం తగ్గిస్తుంది, ఒక్కోసారి పూర్తిగా పోగొడుతుంది. మార్కెట్‌ప్లేస్ దరఖాస్తులో ఈ మొత్తం గురించి ఉద్యోగి చెప్పకపోతే, పన్ను రిటర్న్ వేళ సబ్సిడీ తిరిగి కట్టాల్సిరావచ్చు. తక్కువ జీతాల సిబ్బంది ఉంటే, ముందు వాళ్ల సబ్సిడీ లెక్క వేయకుండా క్యూసెరా జోలికి వెళ్లొద్దు.