గుత్తి కోట: నీళ్లు తీసుకుని తెల్లారే ఎక్కండి

ఐదు స్టార్లలో నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

నేను ఇక్కడి లోకో షెడ్‌లో ఫిట్టర్‌ని. డ్యూటీ లేని ఆదివారం తెల్లారే కోటెక్కడం అలవాటు. ఇంటికి చుట్టాలెవరొచ్చినా వాళ్లనూ ఎక్కిస్తాను. గండికోటకు పోయేవాళ్లలో కొందరు మా ఊరి మీదుగా పోతారు. హైదరాబాద్-బెంగళూరు హైవే మీద నుంచి కొండ చక్కగా కనిపిస్తుంది, కానీ బండి ఆపేవాళ్లు తక్కువ. ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ల కోసం.

అనంతపురం నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు, బస్సులు బాగానే ఉన్నాయి. రైల్లో వస్తే గుత్తి జంక్షన్‌లో దిగాలి. స్టేషన్ ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది, ఆటో ఎక్కాలి. కోట ఊరిని ఆనుకునే ఉంది కాబట్టి దారి ఎవరినడిగినా చెప్తారు.

కొండ చుట్టుపక్కల నేల కంటే దాదాపు 300 మీటర్ల ఎత్తు. ట్రెక్కింగ్ అలవాటున్నవాళ్లకు ఇది పెద్ద లెక్క కాదు, కొత్తవాళ్లకు మాత్రం పిక్కలు పట్టేస్తాయి. కోటకు పదిహేను ద్వారాలు అంటారు. దారి తిన్నగా ఉండదు. ఒక ద్వారం దాటి ఊపిరి తీసుకునేలోపు మలుపు, ఆ మలుపు మీద గోడ, ఆ గోడ పైనుంచి ఒకప్పుడు ఎవరో తుపాకీ గురిపెట్టి కూర్చునే చోటు. పైకి పోయేకొద్దీ ఒక్క సంగతి మీకే అర్థమవుతుంది. ఈ దారిలో బలవంతంగా పైకి రావాలనుకున్న సైన్యం ప్రతి మలుపులోనూ వీపు చూపించక తప్పదు. రాళ్లు పేర్చిన తీరు చూడండి. మా పనిలో జాయింట్ సరిగ్గా కూర్చోకపోతే ఇంజన్ బయటికి పోనియ్యరు. ఇక్కడ కొండరాయికీ కట్టిన గోడకూ మధ్య చాలాచోట్ల వేలు కూడా దూరదు.

దట్టమైన అడవి అనుకుని రావద్దు. సీతాఫలం పొదలు, తంగేడు, కంపచెట్లు, మధ్యమధ్యలో పెద్ద గుండ్లు. వానలు పడ్డాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో కొండ పచ్చబడుతుంది, నాకు అప్పుడే బాగా ఇష్టం. ఎండాకాలం మాత్రం వద్దే వద్దు. తొమ్మిది దాటితే రాయి కాగిపోతుంది, నీడకు ద్వారాల కింద తప్ప చోటుండదు. కోతులున్నాయి, సంచి చేతిలో వేలాడదీసుకోవద్దు, వీపుకు తగిలించుకోండి.

మొన్న మా మేనల్లుణ్ణి తీసుకుపోయాను, ఇంటర్ చదువుతున్నాడు. సగం దారిలో బాటిల్ ఖాళీ చేసి, "మామా, ఒక్కణ్ణి ఎక్కేకే ఇన్ని నీళ్లు కావాలే, పైన అంతమంది సిపాయిలు, గుర్రాలు ఎట్ల బతికినారు?" అన్నాడు. ఈ కోటకొచ్చిన ప్రతివాళ్లూ అడగాల్సిన ప్రశ్న అదే. జవాబు కొండ మీదే ఉంది. రాయి పగుళ్లకు అడ్డంగా గోడలు కట్టి వాననీళ్లు ఆపుకున్నారు. అలాంటి గుంటలు ఒకటి కాదు, కొండంతా ఉన్నాయి. పైగుంట నిండితే నీళ్లు కింది గుంటకు పోయేలా రాతిమీద కాలవలు తీశారు. కొండ మీద నూట ఎనిమిది బావులున్నాయని ఊళ్లో అంటారు. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు గానీ, ఆ కాలవలను పట్టుకుని గుంట నుంచి గుంటకు నడవడం ఈ కోటలో నాకు అన్నిటికంటే నచ్చిన పని. మోటారు లేదు, పైపు లేదు. మన అనంతపురం జిల్లాలో పడే వాన ఎంతో అందరికీ తెలుసు. ఆ కాస్త వానలో చుక్క పోకుండా పట్టాలని ఎంత ఆలోచించారో చూడండి.

అంత చేసినా ఈ కోట పడిపోయింది నీళ్లు లేకే. 18వ శతాబ్దంలో గుత్తి మురారిరావు ఘోర్పడే అనే మరాఠా సర్దారు చేతిలో ఉండేది. 1751లో ఆర్కాటు ముట్టడి నాడు ఇంగ్లీషు సేనాని క్లైవ్‌కు సాయంగా కదిలింది ఈయన గుర్రపు దళమే. తర్వాత మైసూరును ఏలే హైదర్ అలీతో ఆయనకు తగాదా పడింది. హైదర్ వచ్చి ఊరు, కింది కోట పట్టుకున్నాడు. జనం, పశువులు పైకోటకు చేరారు. అంతమందికి ఆ గుంటల్లోని నీళ్లు ఎన్నాళ్లు వస్తాయి? 1776లో మురారిరావు లొంగిపోయాడు. ఆయన్ని శ్రీరంగపట్నం తీసుకుపోయి, చివరకు కబ్బాళదుర్గం అనే కొండకోటలో ఉంచారు, అక్కడే చనిపోయాడు. గోడ బద్దలు కాలేదు, ద్వారం విరగలేదు. ఎండిన గుంట అంచున నిలబడి ఈ కథ చెప్తే మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

కొండ అంచున మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది, సున్నం నునుపు పనితనం ఇంకా తెలుస్తుంది. అక్కడి నుంచి గుత్తి ఊరంతా, రైలు పట్టాలు, దూరాన పొలాలు ఒక్కచూపులో కనిపిస్తాయి. ఫొటోలకు ఇంతకంటే మంచి చోటు లేదు, కానీ అంచు దగ్గర రెయిలింగ్ ఉంటుందనుకోవద్దు. పిల్లల చెయ్యి వదలకండి. మందుగుండు కొట్టు, వ్యాయామశాల అనే కట్టడాలు కూడా పైకోటలోనే. చాళుక్య విక్రమాదిత్యుడి కాలం నాటి కన్నడ శాసనాలు ఉన్న కోట ఇది. బుక్కరాయల కాలపు శాసనంలో దీన్ని కోటలకే రాజుగా చెప్పారు. చదవడం రానివాళ్లు కూడా ఒకసారి ఆ అక్షరాల దగ్గర ఆగండి.

దిగాక అలసిపోయామని ఆటో ఎక్కేయకండి. కొండ కింద ఇంగ్లీషువాళ్ల సమాధుల తోట ఉంది. టిప్పు పోయాక ఈ ప్రాంతం నిజాం చేతికి, 1800లో అక్కడి నుంచి కంపెనీ చేతికి పోయింది. అప్పుడు కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే ఇక్కడికే తెచ్చి పాతిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు తీసుకుపోయి సెయింట్ జార్జ్ కోటలోని చర్చిలో ఉంచారు. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే ఆయన మీద జనానికి ఎంత అభిమానమో తెలుస్తుంది. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా బావి తవ్వించారు. కరువు సీమలో ఒక మనిషిని గుర్తుపెట్టుకోవడానికి అంతకంటే పనికొచ్చేది ఇంకేముంటుంది?

ఇక తగ్గించిన స్టార్. అన్ని కష్టాలు పడి కట్టిన ఆ నీటిగుంటల్లో ఇప్పుడు తేలేవి కూల్‌డ్రింక్ బాటిళ్లు, చిప్స్ కవర్లు. పోయినసారి ఒక గుంటలో నేనూ మా వాడూ కలిసి గోనెసంచి నిండా తీశాం. మంటపం గోడల మీద పేర్లు, గుండె బొమ్మలు గీకేశారు. ఆ గీతలు చూస్తే నిజంగా కడుపు మండిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఏది ఏమిటో చెప్పే మనిషి కూడా దారిలో కనపడడు. ఏ గుంట నీళ్లు ఎటు పోయేవో చూపించే చిన్న బోర్డులు పెడితే చాలు, స్కూలు పిల్లలు ఒక్కరోజులో ఎంతో నేర్చుకుంటారు.

వచ్చేవాళ్లకు చెప్పేది ఇదీ. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, పైన కొనడానికి దుకాణం ఉండదు. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి రెండు మూడు ద్వారాల దాకా వచ్చినా కోట పనితనం తెలుస్తుంది, మా మామగారు అక్కడే కూర్చుని మేము దిగేదాకా ఎదురుచూశారు. ఆరింటికి మొదలుపెడితే ఎండ ముదరకముందే దిగొచ్చు. దిగాక ఊళ్లో వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. ఎక్కి దిగిన ఆకలికి రెండో ప్లేటు అడగనివాళ్లను నేను చూడలేదు. ఖాళీ బాటిళ్లు మాత్రం కిందికి తెచ్చేయండి, పెద్ద బరువుండవు.