రఫ్ వాడిన రెండేళ్లలో వాడని ఇంపోర్టులతో నా అనుభవం

మాది పర్లాకిమిడి. బరంపురంలో రైస్ మిల్లుల లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీమ్‌లో పని చేస్తున్నాను. అంతా పైథాన్. మొదట్లో కోడ్‌లో తప్పులు వెతికే ఫ్లేక్8 అనే టూల్ వాడేవాళ్లం, అది తప్పు చూపించి ఊరుకునేది. రెండేళ్ల కిందట అదే పని చేసే రఫ్‌కి మారాం. రస్ట్ అనే వేగమైన భాషలో రాసింది కాబట్టి ప్రాజెక్టు మొత్తాన్ని కన్నుమూసి తెరిచేలోపు చూసేస్తుంది, ఫిక్స్ కొడితే వాడని ఇంపోర్టులు (బయటి నుంచి ఫైల్లోకి తెచ్చుకుని, ఎక్కడా వాడని పేర్లు) తనే తీసేస్తుంది. ఈ తీసేయడం దగ్గరే జాగ్రత్త కావాలి.

ఒకసారి బిల్లింగ్ ఫైల్లో డెసిమల్ (పైసల లెక్క కచ్చితంగా చేసేది) ఇంపోర్టు వాడలేదని ఎఫ్401, అంటే వాడని ఇంపోర్టు ఉందనే వార్నింగ్, వచ్చింది. తీసేద్దామనుకుని, ఎందుకో ఆగి పాత కమిట్లు చూశాను. క్వింటాలు ధర లెక్కను ఎవరో మార్చి, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ పెట్టేశారు. పైసల తేడా అక్కడి నుంచే వస్తోంది! ఆ లైను అలాగే ఉంచి లెక్కను సరిచేశాను. ఫిక్స్ కొట్టి ఉంటే ఆ ఆనవాలు కూడా పోయేది.

ఇంకోసారి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. రాయగడ నుంచి వచ్చిన కుర్రాడు ఫిక్స్ కొట్టి, కొత్త మైగ్రేషన్ (డేటాబేస్‌లో చేయాల్సిన మార్పుల ఫైలు) తయారుచేసి, కంగారుగా ఫోన్ చేశాడు. "అన్నా, ఇది టేబుళ్లన్నీ డ్రాప్ చేస్తానంటోందేంటి?" చూస్తే, ఆ మైగ్రేషన్లు తయారుచేసే ఆలెంబిక్ అనే టూల్ ఎన్వ్ ఫైల్లో మోడల్స్‌ని ఇంపోర్టు చేసే లైను లేదు. ఆ పేరు కింద ఎక్కడా వాడం, కానీ ఆ లైను నడిస్తేనే టేబుళ్లు మెటాడేటాలోకి, అంటే కోడ్‌లో ఉన్న టేబుళ్ల జాబితాలోకి, ఎక్కుతాయి. మెటాడేటా ఖాళీగా ఉంటే, డేటాబేస్‌లో ఉన్నవన్నీ అక్కర్లేనివని ఆలెంబిక్ అనుకుంటుంది. వాడు రన్ చేసేముందు ఫైలు తెరిచి చదవబట్టి బతికిపోయాం.

ఆ రోజే కాన్ఫిగ్‌లో ఎఫ్401ని అన్‌ఫిక్సబుల్ జాబితాలో పెట్టాను. ఇప్పుడు వార్నింగ్ వస్తుంది గానీ లైను దానంతటది పోదు. సేవ్ కొట్టగానే ఎడిటర్ ఫిక్స్ చేసేలా పెట్టుకున్నవాళ్లకు ఇంకో సుఖం కూడా ఉంది: ఇంపోర్టు రాసి, కింద దాన్ని వాడేలోపే మాయమయ్యే టెన్షన్ తప్పింది.

ప్యాకేజీ ఇనిట్ ఫైళ్లలో బయటివాళ్ల కోసం తెచ్చిపెట్టే పేర్లను ఆల్ (__all__) జాబితాలో రాస్తాం, అప్పుడు రఫ్ ఏమీ అనదు. నిజంగా అవసరమైన చోట మాత్రమే నోక్వా (ఈ లైన్ని వదిలెయ్ అని రఫ్‌కి చెప్పే కామెంటు) పెడతాం, అదీ ఎఫ్401 కోడ్‌తో కలిపి. ఉత్త నోక్వా పెడితే ఆ లైన్లో ఉన్న మిగతా తప్పులు కూడా దాని చాటున దాక్కుంటాయి. అవసరం తీరిపోయిన నోక్వాలను రఫ్‌100 రూల్ పట్టిస్తుంది, అది నాకు బాగా నచ్చింది.

నోక్వా పక్కన కారణం కూడా రాస్తాం. టీమ్‌లో సగంమంది ఒడియావాళ్లు కాబట్టి ఇంగ్లీషులోనే. ఎన్వ్ ఫైల్లో ఆ లైను పక్కన కారణం రాసింది రాయగడ కుర్రాడే: ఇది తీస్తే టేబుళ్లన్నీ పోతాయి, అని.