యూవర్షన్ బైబిల్ యాప్: కష్టకాలంలో ఎంతవరకు పనికొస్తుంది?

2008లో వచ్చిన ఈ యాప్ ఉచితం. తెలుగు బైబిలూ ఉంది.

ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో జబ్బు చేసినప్పుడో చాలామంది ఇందులో "చింత" అని వెతికి, దొరికిన ఒక్క వచనం చదివి మూసేస్తారు. పొరపాటు అక్కడే. "దేనికీ చింతపడకండి" అనే ఫిలిప్పీ పత్రిక 4:6 ఒక్కటే చదివితే మందలింపులా వినిపిస్తుంది. తర్వాతి వచనంలోని దేవుని సమాధానం (అంటే శాంతి), అపొస్తలుడు పౌలు ఖైదులో ఉండి ఆ పత్రిక, అంటే ఉత్తరం, రాశాడన్న సంగతి తోడైతేనే అది ఓదార్పు. అందుకే అధ్యాయమంతా తెరవండి.

రోజువారీ నిర్ణయాలకు బైబిల్లోని సామెతల గ్రంథాన్ని మించింది లేదు: 31 అధ్యాయాలు, తేదీని బట్టి రోజుకొకటి. ఎవరైనా అప్పుకు హామీ ఉండమంటే 6వ అధ్యాయం మొదటి అయిదు వచనాలు చదివాకే సంతకం పెట్టండి. వచనాన్ని తాకితే నోట్ రాసుకునే వీలుంది. మూడు వాక్యాలు చాలు: తీసుకోవాల్సిన నిర్ణయం, దాని వెనకున్న భయం, సలహా అడగాల్సిన మనిషి. ఈ మూడోది వదిలేయకండి, సామెతలు 15:22 చెప్పేది అదే.

యాప్ చూపించే వరుస రోజుల లెక్క మాత్రం నాకు నచ్చదు. అంకె నిలబెట్టుకోవాలన్న తొందరలో చదువు పైపైన సాగుతుంది. రోజు తప్పితే బాధపడకుండా ఆగిన చోటినుంచే మొదలుపెట్టండి.