ట్రిగ్గర్ కోసం 260 మైళ్లు

ముందు మోసపోయిన సంగతి చెప్తాను. డాలస్ శివార్లలో అద్దాల షోరూమ్ ఉన్న ఓ పెద్ద తుపాకుల దుకాణంలో నా పాత బ్రౌనింగ్ హైపవర్ పిస్టల్ ఇచ్చాను. ట్రిగ్గర్ సాఫీ చేసివ్వడానికి మూడు వారాలు, 220 డాలర్లు అన్నారు. నాలుగు నెలల పదకొండు రోజులకు చేతికొచ్చింది. షూటింగ్ రేంజ్‌లో చూస్తే, స్లైడ్ (వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం) ముందుకొచ్చినప్పుడు వెనక్కే నిలిచి ఉండాల్సిన హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) దాంతోపాటే సగం దాకా పడిపోతోంది. ప్రాణాల మీదికి తెచ్చే లోపం ఇది. వెంటనే తీసుకెళ్లి చూపిస్తే "పాత పిస్టళ్లు ఇంతే" అన్నాడు కౌంటర్ కుర్రాడు. డబ్బు తిరిగివ్వలేదు. ఆ రోజు నుంచి దాన్ని పేల్చలేదు.

ఈ పిస్టల్ మీద మోజు నాన్న వల్ల పట్టుకుంది. సైన్యంలో ఆయన నడుముకు కట్టుకున్న 9 ఎం.ఎం. 1ఏ దీని తోబుట్టువే. కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ నమూనాను బట్టి మన ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేశారు. చేతిలో ఇంత చక్కగా ఇమిడే పిస్టల్ ఇంకోటి లేదని నా నమ్మకం. బరువుగా, గరగరలాడే ట్రిగ్గరే దీనికి శాపం. తూటాలుండే మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఆపే చిన్న ముక్క ఒకటుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ అది మ్యాగజైన్‌ను రాచుకుంటుంది.

మా రేంజ్‌లో గురిపోటీలు ఆడే ఓ పెద్దాయన టెక్సస్‌లోనే 260 మైళ్ల అవతల ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గరున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) నంబరిచ్చాడు. ఫోన్ చేస్తే మొదట అడిగింది ధర గురించి కాదు, "ఎవరైనా ఇప్పటికే దీంట్లో చెయ్యి పెట్టారా?" అని. అక్కడే నమ్మకం కుదిరింది. అమ్మానాన్నలు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు కదా అని అందరం కారెక్కాం. ప్రయాణం హాయిగా సాగింది, అమ్మ చేసిన పులిహోర దారిలో వేకో ఊరు దాటేలోపే అయిపోయింది. బస మాత్రం చేదు. ఆన్‌లైన్‌లో 142 డాలర్లు చూపించిన గదికి క్లీనింగ్ ఫీజు, పన్నులు కలిపి 231 పిండారు. రాత్రంతా ఏసీ మోతకు నిద్ర లేదు. మా ఆవిడ పొద్దున కాఫీ తాగేదాకా నాతో మాట్లాడలేదు.

గన్‌స్మిత్‌ది ఇంటి వెనక రేకుల షెడ్డు. బోర్డు కూడా లేదు, గోడకు ఫెడరల్ లైసెన్సు ఒక్కటే తగిలించి ఉంది. ట్రిగ్గర్ నొక్కడానికి ఎంత బలం కావాలో కొలిచే గేజ్ తగిలిస్తే తొమ్మిదిన్నర పౌన్లు చూపించింది. తర్వాత హ్యామర్, దాన్ని పట్టి ఉంచే సియర్ విప్పి భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచాడు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకునే అంచును పాత దుకాణం వాళ్లు గుండ్రంగా అరగదీసేశారు! ఆ రెండూ మార్చాల్సిందేనన్నాడు. మూడున్నర పౌన్లకు దించమంటే ఒప్పుకోలేదు. 1911 అనే మోడల్ పిస్టల్‌లో ట్రిగ్గర్ తిన్నగా వెనక్కి నెడుతుందట, దీంట్లో కదలిక స్లైడ్‌లోని మీట మీదుగా తిరిగి రావాలట. అంత తక్కువకు దించితే సేఫ్‌గా ఉండదని తేల్చేశాడు. సేఫ్టీ ముక్కను పీకకుండా, రాచుకునే చోటు మాత్రం నున్నగా చేశాడు. నాలుగు గంటల్లో ఐదుంపావు పౌన్లకు వచ్చింది. భాగాలకు 118, కూలికి 165 డాలర్లు. అక్కడే కూర్చుని చేయించుకున్నందుకు తుపాకి తీసుకున్నట్టు ఆయన రిజిస్టర్‌లో రాసుకునే గొడవ కూడా లేదు.

మీకూ పాత పిస్టల్ ఉంటే, పని చేసే మనిషితో నేరుగా మాట్లాడనివ్వని దుకాణంలో ఇవ్వకండి.

ఆ మధ్యాహ్నం నాన్న ఆ ఊళ్లోని పసిఫిక్ యుద్ధ మ్యూజియంకి కూడా రానన్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా ఇక్కడ తుపాకి పట్టకూడదు. అందుకని చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డారు. గన్‌స్మిత్ ఖాళీ పిస్టల్‌ను చివరిసారి నొక్కి చూస్తుంటే, కళ్లు మూసుకుని విని, "ఇంకోసారి నొక్కమను" అన్నారు.