జాగ్రత్త: సెకండ్‌హ్యాండ్ కాడిలాక్ కొనేముందు ఏ ఏడాది ఇంజనో చూడండి

డాలస్ చుట్టుపక్కల పాత కాడిలాక్ కార్లు బాగా చవగ్గా దొరుకుతున్నాయి. లెదర్ సీట్లు, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను, రోడ్డు మీద తేలుతున్నట్టుండే ప్రయాణం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు చాలామంది వాటి మీద మనసు పడుతున్నారు. కొనొద్దని చెప్పను. మా బావమరిదికి జరిగింది ఇంకొకరికి జరగకూడదని మాత్రం రాస్తున్నాను.

వాడు ఓ చిన్న డీలర్ దగ్గర 2002 మోడల్ కాడిలాక్ డెవిల్ (DeVille) కొన్నాడు. చూడ్డానికి వెళ్లేసరికే ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారు. పెద్దాయన నడిపిన బండి, ఏ సమస్యా లేదన్నారు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ బాగానే నడిచింది. ఆస్టిన్ వెళ్తూ వేకో దాటాక ఫోను: "బావా, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. కిందకి వంగి చూస్తే చుక్క కూడా కారట్లేదు." టో చేయించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఇంజనుని చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఉండే ట్యాంకు గోడలకి గోధుమరంగు మడ్డి పట్టి ఉంది. లీకు కొన్నాళ్లు ఆగడానికి పోసే సీలెంట్ అది. హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకీ దాని మీద బిగించే హెడ్‌కీ మధ్య లీకు కాకుండా ఉండే పొర) పోయిన సంగతి తెలిసినవాళ్లెవరో పోసిందే. డీలర్‌ని నిలదీస్తే 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) అని రాసున్న కాగితం మీద వీడి సంతకం చూపించాడు. రిపేరుకి చెప్పిన ధర బండి ధరని మించింది.

ఆ బండిలో ఉన్నది నార్త్‌స్టార్ అనే 4.6 లీటర్ల వీ8. 1993 మోడళ్లతో వచ్చింది, అప్పట్లో కాడిలాక్‌కి గర్వకారణం. బ్లాకు అల్యూమినియంది. హెడ్‌ని బిగించే బోల్టుల మరలు ఏళ్లు గడిచేకొద్దీ ఆ మెత్తటి లోహంలోంచి ఊడి వచ్చేస్తాయి. పట్టు సడలగానే గాస్కెట్ పోతుంది, మండిన గ్యాసు కూలెంట్‌లోకి చేరుతుంది. కొత్త గాస్కెట్ ఒక్కటే వేస్తే నిలవదు. బ్లాకులో రంధ్రాలు మళ్లీ తొలిచి ఉక్కు ఇన్సర్టులు గానీ స్టడ్‌లు గానీ దింపాలి. అందుకే అంత ఖర్చు. పాత డెవిల్, సెవిల్, ఎల్డొరాడో ఏది చూసినా ముందు ఈ సంగతే తేల్చుకోండి.

మన పెద్దవాళ్లకి కాడిలాక్ అంటే ఇప్పటికీ అమెరికా వైభవమే. ఆ పేరు ఊరికే రాలేదు. 1908లో ఇంగ్లండులో మూడు కార్లని పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలగలిపి, మళ్లీ బిగించి 500 మైళ్లు నడిపి చూపించారు. ఆ ఘనతకే డ్యూవర్ ట్రోఫీ వచ్చింది. చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ లేకుండా 1912లో ఎలక్ట్రిక్ స్టార్టర్ తెచ్చిందీ వీళ్లే. ఆ పేరుని 1980లలో చేతులారా పోగొట్టుకున్నారు. 1981లో సిలిండర్లు వాటంతటవే ఆగి మొదలయ్యే వీ8-6-4 ఇంజను వచ్చింది, కొన్నవాళ్లకి చుక్కలు చూపించింది. 1982 సిమరాన్ అయితే చాలావరకు షెవ్రొలే కేవలియర్‌కే లెదర్ తొడిగి ఎక్కువ ధరకి అమ్మిన బండి. నాకు అన్నిటికన్నా కోపం దాని మీదే, నమ్మకంతో వచ్చిన మనిషికి అలా చేయకూడదు. 2003 సీటీఎస్‌తో మళ్లీ నిలదొక్కుకున్నారు, ఆ తర్వాతి వీ-సిరీస్ బండ్లు నిజంగా గొప్పవి.

కొత్త బండి కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. 2025 ఏప్రిల్‌లో 6.2 లీటర్ల వీ8 ఉన్న 2021-24 ఎస్కలేడ్‌లని (కాడిలాక్ పెద్ద ఎస్‌యూవీ) కాడిలాక్ మాతృసంస్థ జీఎం (జనరల్ మోటార్స్) రీకాల్ చేసింది. అదే ఇంజనున్న షెవ్రొలే, జీఎంసీ బండ్లతో కలిపి ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షలు. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీలో లోపం, ఇంజను నడుస్తుండగానే పట్టేయొచ్చు. కొనాలనుకున్న బండి విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొడితే రీకాల్ పని అయిందో లేదో ఉచితంగా తెలుస్తుంది.

పాత బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి, చల్లటి ఇంజనుని మీరే స్టార్ట్ చేయండి. ట్యాంకు మూత కూడా చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే ఒళ్లు కాలుతుంది. లోపల మడ్డి ఉందేమో చూడండి. ఊళ్లో ఓ చుట్టు తిప్పి సరిపెట్టుకోకుండా హైవే మీద అరగంట నడపండి. తిరిగొచ్చాక తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే అనుమానించాల్సిందే. అన్నిటికన్నా నమ్మదగ్గది మెకానిక్ చేసే బ్లాక్ టెస్ట్: కూలెంట్ ట్యాంకు మీద నీలం ద్రవం ఉన్న గొట్టం పెడతాడు, అది పసుపుగా మారితే గాస్కెట్ పోయినట్టే. బండి చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు శుభ్రంగా ఉందని ఇది మానేయొద్దు. ఎవరూ రిపోర్ట్ చేయని లోపం అందులో కనపడదు.

మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. డీలర్ దగ్గర కొన్న కారుకి అలాంటి ఫెడరల్ హక్కేమీ లేదు. కిటికీకి బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించి ఉంటుంది, 'యాజ్ ఈజ్' గడిలో టిక్కుందో లేదో అక్కడ చూడండి. నోటితో ఇచ్చిన హామీ ఏదైనా ఆ కాగితం మీద రాయించుకోండి. మీ మెకానిక్‌కి చూపిస్తానంటే ఒప్పుకోని డీలర్ దగ్గర ఆ బండి ఎంత చవకైనా కొనకండి.