ఫోన్‌లోనే సోఫా వేసి చూపించే ఏఆర్ ఫీచర్, బరంపురం పాత ఇంట్లో ఎలా పనిచేసిందంటే

బరంపురంలో ఉంటూ నాలుగు రకాల సోఫాలు చూసి కొనాలంటే అటు భువనేశ్వర్ అయినా పోవాలి, ఇటు విశాఖ అయినా రావాలి. గిరి రోడ్డులో చూశాం, మా గదికి సరిపడే కొలత దొరకలేదు. అందుకని ఈసారి కెమెరాతో మన గదిలోనే వస్తువు పెట్టి చూపించే ఏఆర్ సదుపాయం ఉన్న యాప్‌లో తీసుకున్నాం. ఐకియా 2017లోనే ఇలాంటి యాప్ తెచ్చింది, ఇప్పుడు చాలా షాపింగ్ యాప్‌లలో ఉంటోంది.

మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ముందు గదిలో ఒకవైపు అమ్మ కుట్టుమిషను, ఎదురుగా సోఫా రావాలి. మొదట ఫోన్‌లో సోఫా బొమ్మ అసలు నిలబడలేదు, మాది నున్నటి ఎర్ర గచ్చు కదా, సోఫా దాని మీద జారుకుంటూ గోడలోకి దూరిపోయేది. ఈ ఫీచర్ నేల మీది గీతలు, మచ్చలు, అంచులు పట్టుకుని, ఫోన్ ఎటు కదిలిందో సెన్సర్లతో సరిచూసుకుంటూ బొమ్మని నిలబెడుతుంది. ఏ గుర్తూ లేని మెరిసే నేల మీద, అందులోనూ లైటు తక్కువైతే, దానికి ఆధారం ఉండదు.

అమ్మ డబ్బా తెచ్చి, యాప్‌లో రాసిన పొడవు వెడల్పులకి టేపు పట్టి ముగ్గుపిండితో నేల మీద గీత గీసింది. దాంతో సోఫా కదలకుండా నిలబడింది! ఇంకో సంగతి కూడా బయటపడింది. లోతు, అంటే ముందు నుంచి వెనక్కి, 34 అంగుళాలని రాశారు, బొమ్మ మాత్రం గీతకి రెండు వేళ్ళ ఇవతలే ఆగిపోయింది. మాలాంటి గదిలో ఆ రెండు వేళ్ళే దారి. కొలత ఒకటి రాసి బొమ్మ ఇంకోలా పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

"మిషను దగ్గర కుర్చీ వెనక్కి జరపడానికి చోటుండదే" అంది అమ్మ, ఫోన్ చూసి. అంకెలు చెప్తే ఆమెకి అది తట్టేది కాదు, చూడగానే తట్టింది. లోతు తక్కువది మార్చి తీసుకున్నాం, వచ్చాక సరిగ్గా కుదిరింది. ఈ ఒక్క పనికే ఈ ఫీచర్‌కి దండం పెట్టొచ్చు.

రంగు మాత్రం నమ్మకండి. ట్యూబులైటు కింద మెరూన్‌లా కనపడింది, వచ్చింది ఇటుక రంగు. బట్ట మెత్తనో గరుకో ఎలాగూ తెలీదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఏఆర్ సర్వీసు పనిచేసే ఫోన్లలోనే ఇది వస్తుంది, మా తమ్ముడి పాత ఫోన్‌లో ఆ బటనే లేదు.

సోఫా గదిలో పడుతుందో లేదో చెప్తుంది గానీ, మా వీధి గుమ్మంలోంచి లోపలికి వస్తుందో లేదో చెప్పదు. ప్యాకింగ్ పెట్టె కొలత, కాళ్ళు విడిగా వస్తాయా లేదా అన్నది పేజీలో ఎక్కడా లేదు, చాట్‌లో పట్టుబట్టి అడిగితేనే చెప్పారు. మీరూ డబ్బు కట్టకముందే అడగండి.