ఆటోఇట్‌తో సొంత విండోలో వీడియో ప్లేయర్: ఒక సమీక్ష

విండోస్‌లో చిన్న చిన్న పనిముట్లు సొంతంగా రాసుకునేవారికి, 1999లో మొదలైన ఆటోఇట్ అనే ఉచిత స్క్రిప్టింగ్ భాష పాత పరిచయమే. మనం తయారుచేసిన విండోలోనే వీడియో నడిపించడానికి అందులో ఉన్న సౌకర్యాన్ని, శిక్షణ పాఠాలు చూపించే ప్లేయర్ కోసం కొంతకాలంగా వాడుతున్నాను.

బయటి ప్రోగ్రాము భాగాన్ని స్క్రిప్టులోకి తెచ్చే ఆబ్జ్‌క్రియేట్ ఫంక్షన్‌కు 'డబ్ల్యూఎంప్లేయర్.ఓసీఎక్స్' అనే పేరు ఇస్తే విండోస్ మీడియా ప్లేయర్ యాక్టివ్‌ఎక్స్ కంట్రోల్ (వేరే ప్రోగ్రాముల విండోలో అమర్చుకోగల భాగం) చేతికి వస్తుంది. దాన్ని విండోలో అమర్చే జీయూఐసీటీఆర్‌ఎల్‌క్రియేట్‌ఆబ్జ్ ఫంక్షన్‌కు అప్పగించి, ఎక్కడ ఉండాలో, ఎంత వెడల్పు, ఎత్తు ఉండాలో చెబితే మన బటన్ల పక్కనే కుదురుకుంటుంది. యూఆర్‌ఎల్ ప్రాపర్టీలో ఫైలు పాత్ పెట్టగానే వీడియో మొదలవుతుంది. ప్లేయర్ రూపాన్ని నిర్ణయించే యూఐమోడ్‌ను 'నన్' చేస్తే ప్లేయర్ సొంత బటన్లు పోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది కాబట్టి, ప్లే, పాజ్ బటన్లను మనకు నచ్చినట్టు తెలుగు అక్షరాలతోనే పెట్టుకోవచ్చు. ఇంత తక్కువ కోడ్‌తో ఇంత పని జరగడం నిజంగా మెచ్చుకోదగ్గది.

అసలు పరీక్ష, వీడియోలో ముందుకూ వెనక్కీ వెళ్లడానికి లాగే స్లైడర్ పట్టీ దగ్గర ఎదురవుతుంది. వీడియో ఎన్ని సెకన్లు నడిచిందో కరెంట్‌పొజిషన్ చెబుతుంది. ఒక ఫంక్షన్‌ను నిర్ణీత వ్యవధికోసారి నడిపే యాడ్‌లిబ్‌రిజిస్టర్ సాయంతో పావు సెకనుకోసారి దాన్ని చదివి స్లైడర్‌ను జరపవచ్చు. అయితే చూసేవారు స్లైడర్‌ను పట్టుకుని ముందుకు లాగుతుండగానే స్క్రిప్టు దాన్ని మళ్లీ పాత చోటికి నెట్టేస్తుంది. జీయూఐగెట్‌కర్సర్‌ఇన్ఫోతో మౌస్ ఎడమ బటన్ నొక్కి ఉందో లేదో గమనించి, నొక్కి ఉన్నంతసేపు స్లైడర్‌ను కదపకుండా, వదిలిన తరువాతే కొత్త స్థానాన్ని ప్లేయర్‌కు పంపాలి. ఈ జాగ్రత్త తీసుకోని ప్లేయర్‌ను ఇతరుల చేతికి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

పాఠాలు వరసగా నడవాలన్నా ఇలాంటి మెలకువే కావాలి. ప్లేయర్ ఏ స్థితిలో ఉందో చెప్పే ప్లేస్టేట్ విలువ 8 అయితే వీడియో ముగిసిందని అర్థం. ఆ సంగతి తెలియజేసే ఈవెంట్ ఫంక్షన్‌లోనే తరువాతి ఫైలు యూఆర్‌ఎల్ ఇవ్వవద్దని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. అక్కడ ఒక వేరియబుల్ విలువ మాత్రం మార్చి, ఫైలు మార్చే పనిని ప్రధాన లూప్‌కు వదిలేయాలి.

ఇదంతా నిలబడింది 2009లో విండోస్ 7తో వచ్చిన 12వ వెర్షన్ మీడియా ప్లేయర్ మీద. విండోస్ 11లో దానికి 'లెగసీ' (పాతతరం) అనే ముద్ర పడింది. మీడియా ప్రోగ్రాములు తీసేసి ఇచ్చే విండోస్ ఎన్ ఎడిషన్లలో అది ముందుగా ఉండనే ఉండదు కాబట్టి, ఆబ్జెక్టు నిజంగా వచ్చిందో లేదో ఐజ్‌ఆబ్జ్ ఫంక్షన్‌తో చూసుకోవడం తప్పనిసరి.

పైథాన్ భాషలో, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ లైబ్రరీతో, విండోలు తయారుచేసే టీకేఇంటర్‌లోని ఫ్రేమ్ హ్యాండిల్‌ను (విండోస్ దాన్ని గుర్తించే సంఖ్యను) సెట్_హెచ్‌డబ్ల్యూఎన్‌డీ ఫంక్షన్‌కు ఇచ్చి ఇదే పని చేయవచ్చు. ఎక్కువ రకాల ఫైళ్లు నడుస్తాయి. కానీ మామూలుగా ప్రతి కంప్యూటర్‌లోనూ వీఎల్‌సీ ఉండాలి, పైథాన్, వీఎల్‌సీ రెండూ 32 బిట్‌వో 64 బిట్‌వో ఒకే రకంవి కావాలి. ఆటోఇట్ స్క్రిప్టునైతే నేరుగా నడిచే ఒకే ఈఎక్స్‌ఈ ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయవచ్చు. విండోస్ కంప్యూటర్లు మాత్రమే ఉన్న కార్యాలయానికి, బడికి నేను దీన్నే సిఫారసు చేస్తాను. లినక్స్ కూడా ఉన్నచోట మొదటి నుంచే పైథాన్ దారి పట్టడం మంచిది.